ఉద్యోగం చేస్తూ లాసెట్ రాయొచ్చా? ర్యాంకు, సర్టిఫికెట్లు, కాలేజీ, క్లాట్ గురించి కొన్ని మాటలు

ఒకమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది (లాసెట్ అంటే రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష, క్లాట్ అంటే జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష): "నాకు 27 ఏళ్లు. మాది జనగామ దగ్గర పల్లె. తెలుగు మీడియంలో ఇంటర్ సీఈసీ చదివి, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీకాం పూర్తి చేశాను. 44 శాతం వచ్చింది. బీసీ. ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తున్నాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయాలని ఉంది. ఓపెన్ డిగ్రీ పనికొస్తుందా? ఉద్యోగం మానకుండా కుదురుతుందా? కోచింగ్ లేకుండా లాసెట్‌లో మంచి ర్యాంకు వస్తుందా? మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్. వాడికీ లా అంటే ఇష్టం. క్లాట్ రాయించాలా, లాసెట్ చాలా?"

అమ్మా, మీరు అడిగినవాటిలో అన్నిటికన్నా తేలికైనది ర్యాంకు సంగతే. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తూ, వేసవిలో లాసెట్ రాసేవాళ్లకు పాఠాలు చెబుతుంటాను. డిగ్రీ అయిన పిల్లలే కాదు, కానిస్టేబుళ్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, రిటైరైన టీచర్లు కూడా వస్తారు. లాసెట్‌కు వయోపరిమితి లేదు కాబట్టి 27 అనేది అసలు లెక్కలోకే రాదు. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు పరీక్ష దగ్గర ఆగిపోయినవాళ్లు తక్కువ. సర్టిఫికెట్ల దగ్గరో, కాలేజీ ఎంచుకోవడంలోనో, చేరాక క్లాసులకు వెళ్లలేకనో చిక్కుల్లో పడ్డవాళ్లే ఎక్కువ. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు అర్హత. లా చదువును, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉండాలి. మీకు 44 కాబట్టి బీసీ కోటాలో నిక్షేపంగా సరిపోతారు. కానీ ఒకటి గమనించండి. మీ అర్హత మొత్తం ఆ కుల ధ్రువపత్రం మీదే నిలబడి ఉంది. అది చేతిలో లేకపోతే మీరు 45 శాతం రాని జనరల్ అభ్యర్థి కిందే లెక్క, అంటే అనర్హులు. ఎప్పుడో స్కూల్లో తీసుకున్న పాత కాగితం ఉందిలే అని ఊరుకోకండి. మీసేవలో తీసుకున్న సర్టిఫికెట్ ఉండాలి, అందులో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి.

ఓపెన్ డిగ్రీ గురించి చాలామందికి అనవసరపు భయం ఉంది. దూరవిద్యలో చదివినంత మాత్రాన అనర్హత రాదు. పది, ఇంటర్, ఆ తర్వాత డిగ్రీ అనే వరస ఉందా లేదా అన్నదే చూస్తారు. ఇంటర్ చదవకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ డిగ్రీలో చేరినవాళ్లకే ఇబ్బంది. అలాంటివాళ్లు లాసెట్ రాస్తే ర్యాంకు కూడా వస్తుంది, కానీ సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఆపేస్తారు. మీకు ఇంటర్ ఉంది కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక ఉద్యోగం. ఇక్కడే కాస్త నిష్ఠూరంగా మాట్లాడాలి. ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్ కోర్సు. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ అవ్వలేరు. మా ముందు తరం లాయర్లు చెప్పే ఈవెనింగ్ కాలేజీల రోజులు పోయాయి. ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే క్లాసులు జరగాలని రూల్స్‌లోనే ఉంది. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. గట్టి కారణం చూపిస్తే ప్రిన్సిపాల్ 65 దాకా సర్దుబాటు చేయగలరు, అంతకన్నా కిందికి వెళ్లడానికి లేదు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇచ్చిన సర్క్యులర్‌తో ఇంకొంచెం బిగించారు. కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలన్నారు. చదువుకునే సమయంలో ఎక్కడైనా ఉద్యోగం చేశారా, చేస్తే యజమాని నుంచి నో అబ్జెక్షన్ ఉందా అని విద్యార్థి డిక్లరేషన్ ఇవ్వాలన్నారు.

అయినా ఉద్యోగాలు చేస్తూ లా చదివేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. "మేడం, మీరు రానక్కర్లేదు, అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం" అని అడ్మిషన్ సమయంలోనే చెప్పే కాలేజీలు మీకు తగులుతాయి. ఆ మాట విని చేరినవాళ్లు మూడేళ్ల తర్వాత నల్లకోటు వేసుకుని మా కోర్టుకు వస్తారు. ఒక చిన్న ఇంజంక్షన్ పిటిషన్ రాయమంటే, కాజ్ ఆఫ్ యాక్షన్, అంటే కేసు వేయడానికి కారణం, ఎక్కడ పుట్టిందో రాయడం రాదు. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడితే హాజరు లెక్క దానికి కూడా ఉంటుంది.

మీ విషయంలో నా సలహా ఇది. మిల్లు యజమానితో ఇప్పుడే మాట్లాడండి. రోజంతా కూర్చోనక్కర్లేకుండా పూటపని అకౌంట్స్‌కు ఒప్పుకుంటారేమో చూడండి. జీఎస్టీ రిటర్నులు, బుక్స్ రాయడం లాంటివి సాయంత్రాలు చేసుకోవచ్చు. అలా కుదిరితే నో అబ్జెక్షన్ లెటర్ కూడా రాయించుకోండి. జీతం సగమైనా మూడేళ్లు నెట్టుకురాగలరా అన్నది ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. అకౌంట్స్ మనిషికి నేను లెక్కలు చెప్పనక్కర్లేదు. ఆ లెక్క కుదరకపోతే ఒక ఏడాది ఆగి, కాస్త డబ్బు వెనకేసుకుని చేరడంలో తప్పేం లేదు.

ఇప్పుడు పరీక్ష. తెలంగాణలో లాసెట్‌ను ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తోంది. కంప్యూటర్ మీద రాయాలి. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు. మొదటి భాగం జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. రెండోది కరెంట్ అఫైర్స్ 30. మూడోది, అందరూ పార్ట్ సీ అనేది, ఆప్టిట్యూడ్ ఫర్ ది స్టడీ ఆఫ్ లా, 60. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఉంటాయి కాబట్టి మీ మీడియం అడ్డు కాదు. ఆంధ్రప్రదేశ్ లాసెట్ కూడా దాదాపు ఇదే పద్ధతి, 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. అక్కడివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: 2025-26 నుంచి తెలంగాణ ప్రవేశాల్లో స్థానికేతర 15 శాతం కోటా నిబంధనలు మారాయి. మునుపటిలా ఏపీ అభ్యర్థులు ఆ కోటాలో ఉస్మానియా సీటు వస్తుందని ఆశ పెట్టుకోవడానికి వీల్లేదు, ఏపీ లాసెట్ మీదే దృష్టి పెట్టండి.

రాసినవాళ్లలో ఎక్కువమంది అర్హత సాధిస్తారు. అందుకే "క్వాలిఫై అయ్యాను" అన్న మాటకు పెద్ద విలువ లేదు. మంచి కాలేజీలో కన్వీనర్ సీటు కావాలంటే ర్యాంకు కావాలి, ర్యాంకు తేల్చేది పార్ట్ సీ. సగం మార్కులు అందులోనే ఉన్నాయి. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు చూసేది కూడా ఆ పార్ట్ మార్కులే.

పార్ట్ సీలో ఏం అడుగుతారో ఒక ప్రశ్న దగ్గర పెట్టుకుని చూద్దాం. "మైనరు చేసుకున్న ఒప్పందం ఏమవుతుంది?" ఇచ్చే జవాబులు నాలుగు: చెల్లుతుంది, వాయిడ్, వాయిడబుల్, చట్టవిరుద్ధం. చదవనివాళ్లు కూడా మొదటిదాన్ని కొట్టేస్తారు. చిక్కంతా వాయిడ్, వాయిడబుల్ మధ్యే. మోసం చేసో, భయపెట్టో సంతకం పెట్టించుకుంటే ఆ ఒప్పందం వాయిడబుల్, అంటే నష్టపోయినవాడు కావాలనుకుంటే రద్దు చేసుకోవచ్చు, వద్దనుకుంటే అది నడుస్తుంది. మైనరు ఒప్పందం అలా కాదు, మొదటి నుంచే అది లేనట్టు లెక్క. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం మీద అప్పట్లో మన పై కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1903లో మోహరీ బీబీ కేసులో తేల్చిన సంగతి ఇది. ధర్మోదాస్ ఘోష్ అనే మైనరు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. తాకట్టు చెల్లదన్నారు, ఇచ్చిన డబ్బు తిరిగి ఇప్పించమన్నా ఒప్పుకోలేదు. ఈ ఒక్క కథ సరిగ్గా అర్థమైతే, కేసు పేరు అడిగినా, సంవత్సరం అడిగినా, "మైనరు పెద్దయ్యాక ఆ ఒప్పందాన్ని ఖాయం చేయొచ్చా" అని తిప్పి అడిగినా జవాబు పెట్టేస్తారు. చేయలేడు, లేనిదాన్ని ఖాయం చేయడం ఏముంటుంది?

ఇలాగే ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి జరిగిన హానికి పరిహారం ఇప్పించే టార్ట్స్‌లో నాలుగైదు మూల సూత్రాలు, క్రిమినల్ లాలో ఉద్దేశం, ప్రయత్నం, ఆత్మరక్షణ హక్కు, కాంట్రాక్ట్‌లో ఆఫర్, అంగీకారం, ప్రతిఫలం. వీటిని బట్టీ పట్టకుండా ఒక్కోదానికి ఒక్కో కేసు కథ చదువుకోండి. సీసాలో నత్త కనిపించిన డొనోహ్యూ వర్సెస్ స్టీవెన్సన్, 1932, చదివితే నిర్లక్ష్యం అనే టార్ట్ జన్మలో మరిచిపోరు. గ్యాస్ లీకైన శ్రీరామ్ ఫ్యాక్టరీ మీద ఎం.సి. మెహతా వేసిన కేసు, 1986 డిసెంబరులో తీర్పు వచ్చినా 1987 నాటిదిగా చెప్పుకునేది, అబ్సొల్యూట్ లయబిలిటీ, అంటే ఏ మినహాయింపూ లేకుండా నష్టం కట్టాల్సిన బాధ్యత, అన్న మాట దగ్గరికి తీసుకెళ్తుంది.

పార్ట్ సీలో రాజ్యాంగానిది పెద్ద వాటా. దీనికి ఖరీదైన పుస్తకాలు అక్కర్లేదు. ఎనిమిది నుంచి పది దాకా తెలుగు మీడియం సాంఘికశాస్త్రం పుస్తకాల్లో పౌరశాస్త్రం పాఠాలు, ఇంటర్ సెకండియర్ సివిక్స్ తెలుగు అకాడమీ పుస్తకం. మీరు సీఈసీ కాబట్టి రెండోది ఒకసారి చదివేసే ఉన్నారు. దానికి తోడు భారత రాజ్యాంగం తెలుగు ప్రతి, కేంద్ర న్యాయశాఖ సైట్లో ఉచితంగా ఉంది. ప్రాథమిక హక్కుల నుంచి ప్రాథమిక విధుల దాకా, అంటే 12 నుంచి 51ఏ వరకు అధికరణలు రోజుకు నాలుగైదు చొప్పున చదవండి. హక్కుల కోసం కోర్టులు ఇచ్చే ఆదేశాలే రిట్లు. సుప్రీంకోర్టు రిట్లకు 32, హైకోర్టు రిట్లకు 226. ఐదు రిట్లలో ఏది ఎవరి మీద వేస్తారో ఉదాహరణతో గుర్తుంచుకోండి. పోలీసులు పట్టుకెళ్లి ఎక్కడ పెట్టారో చెప్పకపోతే హెబియస్ కార్పస్, పదవిలో కూర్చునే అర్హత లేనివాడు కూర్చుంటే కో వారంటో.

సవరణల్లో ఒక జంట దగ్గర అందరూ తడబడతారు. 42వ సవరణ 1976లో వచ్చింది, ప్రవేశికలోకి సోషలిస్ట్, సెక్యులర్ అన్న మాటలు, 51ఏలోకి పది విధులు తెచ్చింది. 44వ సవరణ 1978లో వచ్చింది, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసి 300ఏ దగ్గర పెట్టింది. ఎమర్జెన్సీలో ఒకటి, ఎమర్జెన్సీ పోయాక జనతా ప్రభుత్వం హయాంలో ఇంకొకటి అని గుర్తుపెట్టుకుంటే ఏది ఎందుకు వచ్చిందో కూడా అర్థమవుతుంది. పదకొండో విధి, పిల్లల్ని చదివించడం, 2002లో 86వ సవరణతో చేరింది. రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న కేశవానంద భారతి కేసు 1973, పదమూడు మంది జడ్జీలు, 7-6 తేడాతో తీర్పు. ఇది ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు.

పుస్తకాల విషయంలో ఒక్క జాగ్రత్త. కోఠి ఫుట్‌పాత్ మీద సగం ధరకు లాసెట్ గైడ్లు దొరుకుతాయి. నేనూ అక్కడ కొన్నవాణ్నే, తప్పు పట్టను. కానీ 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), ఎవిడెన్స్ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు బీఎన్‌ఎస్‌లో 103. జనం తిట్టుగా వాడుకునే 420 ఇప్పుడు 318లోకి వెళ్లిపోయింది. ఎఫ్‌ఐఆర్ సెక్షన్ 154 కాస్తా బీఎన్‌ఎస్‌ఎస్‌లో 173, నిషేధాజ్ఞల 144 ఇప్పుడు 163. కాబట్టి గైడ్ ఏ సంవత్సరానిదో మొదటి పేజీలోనే చూడండి. పాత నంబర్లు కూడా ఒక వరుసలో రాసి పెట్టుకోండి, ఎందుకంటే పాత సెక్షన్‌కు సమానమైన కొత్త సెక్షన్ ఏదని అడగడం ప్రశ్నలు రాసేవాళ్లకు చాలా సులువు.

కరెంట్ అఫైర్స్‌కు ఏదైనా ఒక తెలుగు పేపర్ రోజూ, పరీక్షకు ముందు ఆరేడు నెలలవి. కోర్టు వార్తలు వదలకండి. సుప్రీంకోర్టు కొత్త ప్రధాన న్యాయమూర్తి (సీజేఐ) ఎవరు, ఏ రాజ్యాంగ ధర్మాసనం ఏం తేల్చింది, పార్లమెంటులో ఏ బిల్లు పాసైంది. మెంటల్ ఎబిలిటీకి మీకు నేను చెప్పాల్సిందేమీ లేదు, లెడ్జర్లు చూసే కళ్లకు నంబర్ సిరీస్, కోడింగ్, రక్తసంబంధాలు పది రోజుల పని.

రోజుకు రెండు గంటలు, మూడు నెలలు. ఇది చాలు. చివరి నెలలో మాత్రం లాసెట్ సైట్లో ఉండే మాక్ టెస్టును, పాత ప్రశ్నపత్రాలను టైమ్ పెట్టుకుని చేయండి. ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లే. ముందు పార్ట్ సీ, తర్వాత కరెంట్ అఫైర్స్, ఆ తర్వాత మెంటల్ ఎబిలిటీ చేయమని నా దగ్గరికొచ్చేవాళ్లకు చెబుతాను, లెక్కల దగ్గర మొండికేసి కూర్చుంటే పది నిమిషాలు ఇట్టే పోతాయి కాబట్టి. నెగెటివ్ లేదు గనక 120కీ ఏదో ఒకటి పెట్టే రండి. కంప్యూటర్ మీద పరీక్ష కొత్త అయితే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఒకసారైనా మౌస్‌తో మాక్ రాయండి. మొబైల్ మీద ప్రాక్టీస్ చేసి పరీక్ష హాల్లో మౌస్‌తో కుస్తీ పట్టేవాళ్లను చూశాను.

పరీక్ష మామూలుగా మే, జూన్‌లలో ఉంటుంది. ఫలితాలు త్వరగానే వస్తాయి. కౌన్సెలింగ్ మాత్రం ఆలస్యం అవుతుంది. కాలేజీలకు బార్ కౌన్సిల్ అనుమతులు, యూనివర్సిటీ గుర్తింపు తేలేదాకా వెబ్ ఆప్షన్లు తెరవరు. ఆ మధ్య నెలల్లో కంగారుపడి మేనేజ్‌మెంట్ సీటుకు డబ్బు కట్టేసేవాళ్లు ఉంటారు. మీరు ఆ పని చేయకండి.

ఈ ఖాళీ నెలలు సర్టిఫికెట్లకు వాడుకోండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, స్కూలు నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం. ఓపెన్ డిగ్రీ వాళ్లకు ఆ మూడేళ్లకు రెగ్యులర్ కాలేజీ స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం అడుగుతారు. మీసేవలో దరఖాస్తు పెట్టినా ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు, అందుకే ముందే మొదలుపెట్టండి. (మీ స్నేహితుల్లో ఈడబ్ల్యూఎస్ వాళ్లుంటే, ఆ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే అయి ఉండాలని చెప్పండి.)

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయికి చాలా మంచి ర్యాంకు వచ్చింది. అంతకుముందు ఆమె ఎంబీఏలో చేరి కొన్నాళ్లకే మానేసింది. ఒరిజినల్స్ అన్నీ ఆ కాలేజీలో ఉండిపోయాయి. మిగిలిన ఫీజు కడితేనే ఇస్తామన్నారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ నోటిఫికేషన్ కాపీ జతచేసి మేం లెటర్ రాశాం, కాగితాలు చివరికి ఇచ్చారు కూడా. కానీ అప్పటికి సీటు వచ్చిన కాలేజీలో రిపోర్ట్ చేయాల్సిన తేదీ దాటిపోయింది. మీ ఒరిజినల్స్ ఎక్కడైనా ఉంటే, ఉద్యోగంలో చేరేటప్పుడు మిల్లులో ఇచ్చి ఉన్నా సరే, అవి ఈ వారమే తెచ్చుకోండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మీ ర్యాంకుకు ఏది వస్తుందో ఊహించి వరస మార్చకండి. మీకు నిజంగా ఏది కావాలో అదే ముందు పెట్టండి, కంప్యూటర్ పైనుంచి కిందికే వెతుకుతుంది. చేరనని మీకు తెలిసిన కాలేజీని అసలు పెట్టకండి. రెండో విడతలో ఇంకో సీటు వస్తే మొదటిది పోతుంది. మీకు జనగామ నుంచి హన్మకొండ దగ్గర, సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ నా లెక్కలో మొదటి ఆప్షన్. హైదరాబాద్‌లో ఉండగలిగితే ఓయూ క్యాంపస్ లా కాలేజీ, బషీర్‌బాగ్ పీజీ లా కాలేజీ. వాటి తర్వాతే ప్రైవేటు. ప్రైవేటులో పేరు కన్నా మూడు సంగతులు చూడండి: ఈ ఏటికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందా, మూట్ కోర్టు (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు) నిజంగా జరుగుతుందా, మధ్యాహ్నం క్లాసులయ్యాక నడిచి వెళ్లేంత దూరంలో కోర్టు ఉందా. మూడోదాని గురించి ఎవరూ చెప్పరు. సాయంత్రం ఒక సీనియర్ ఆఫీసులో కూర్చుని ఫైళ్లు సర్దినా మూడేళ్లలో చాలా పని వస్తుంది.

చేరేముందు ఆ తర్వాతి దారి కూడా తెలిసుండాలి. ఎల్‌ఎల్‌బీ అయ్యాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వాలి. ఎన్‌రోల్‌మెంట్ పేరుతో వేలకు వేలు తీసుకునే పద్ధతిని సుప్రీంకోర్టు 2024 జులైలో ఆపింది, చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మాత్రమే తీసుకోవాలంది. ఆ పైన ప్రాక్టీసుకు అర్హత ఇచ్చే ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. జడ్జి అవ్వాలని చేరేవాళ్లు చాలామంది ఉంటారు, మీ మనసులోనూ ఉందేమో. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని మళ్లీ తెచ్చింది. అంటే ఇప్పుడు 27, లా అయ్యేసరికి 30 దాటుతుంది, ఆపైన మూడేళ్ల ప్రాక్టీసు. నోటిఫికేషన్‌లో ఉండే వయోపరిమితి ముందే చూసుకుని ఆశ పెట్టుకోండి. ఇంకో సంగతి, ప్రాక్టీసు చేసే లాయరు పూర్తికాలం జీతం ఉద్యోగం చేయకూడదు. జూనియర్లకు పల్లెల్లో నెలకు 15 వేలు, నగరాల్లో 20 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024లో సూచించింది. సూచనే, జిల్లా కోర్టుల్లో చాలామంది జూనియర్లకు బస్సు చార్జీలు గిట్టుబాటైతే గొప్ప. మీకున్న అకౌంట్స్ పరిజ్ఞానం ఇక్కడ ఆస్తి. చెక్ బౌన్స్ కేసులు, జీఎస్టీ అప్పీళ్లు, చిట్ ఫండ్ వివాదాల్లో బ్యాలెన్స్ షీట్ చదవగలిగే జూనియర్‌ను ఏ సీనియరూ వదులుకోరు.

తమ్ముడి సంగతి పూర్తిగా వేరు. క్లాట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. 2024 క్లాట్ నుంచి 150 బదులు 120 ప్రశ్నలే అడుగుతున్నారు, సమయం రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. పెద్ద పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతారు. మైనరు ఒప్పందం ఉదాహరణే తీసుకుంటే, లాసెట్‌లో మీకు ఆ కేసు తెలిసి ఉండాలి. క్లాట్‌లో సూత్రం పేరాలోనే ఇచ్చేస్తారు, ఒక కొత్త కథ చెప్పి ఆ సూత్రం దానికి ఎలా వర్తిస్తుందో అడుగుతారు. చట్టం తెలియకపోయినా ఫర్వాలేదు, చదివింది వేగంగా అర్థం కాకపోతే మాత్రం కష్టం. పరీక్ష డిసెంబరు మొదటి వారం ప్రాంతంలో, అంటే వాడు ఇంటర్ సెకండియర్‌లో ఉండగానే వస్తుంది. దరఖాస్తులు జులై, ఆగస్టుల్లోనే మొదలవుతాయి, ఫీజు నాలుగు వేల దాకా ఉంటుంది.

ఆ పరీక్షతో దొరికేవి శామీర్‌పేటలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటివి. నల్సార్‌లో తెలంగాణ స్థానికులకు కొన్ని సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి, దరఖాస్తులో ఆ గడి టిక్ చేయడం మరిచిపోకూడదు. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షల్లో మాట, బ్యాంకు లోన్ తప్పదు. అయినా వచ్చే సీటు మంచిదైతే వెనకాడకండి.

క్లాట్ రాయించండి, లాసెట్ కూడా రాయించండి. ఐదేళ్ల కోర్సుకు ఇంటర్ తర్వాత లాసెట్ మే, జూన్‌లలో ఉంటుంది కాబట్టి రెండూ ఢీకొనవు. అయితే వాణ్ని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పండి. ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో మూడేళ్లు చదివి బీఏ పట్టా పుచ్చుకుని బయటికి రావడానికి బార్ కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు. మధ్యలో మానేస్తే చేతిలో ఉండేది ఇంటర్ మెమోనే. లా మీద ఇష్టం ఎంత గట్టిదో వాడికే అనుమానం ఉంటే, మామూలు డిగ్రీ చదివి మీలాగే మూడేళ్ల కోర్సుకు రావడం క్షేమం.

కోచింగ్ గురించి అడిగారు. లాసెట్‌కు అక్కర్లేదు, నా దగ్గరికి వచ్చేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. క్లాట్ కోచింగ్ ఫీజులు లక్ష దాటినవి ఉన్నాయి, వెంటనే కట్టేయకండి. క్లాట్ నిర్వహించే కన్సార్టియం తన సైట్లో నమూనా ప్రశ్నపత్రాలు ఉచితంగా ఇస్తుంది. ముందు వాణ్ని రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదివి, అందులో రాసినాయన వాదన ఏమిటో మీకు తెలుగులో నాలుగు వాక్యాల్లో చెప్పమనండి. రెండు నెలలు ఇది చేశాక నమూనా పేపర్ టైమ్ పెట్టి రాయించండి. రెండు గంటల్లో పేపర్ చివరిదాకా వెళ్లగలిగితే కోచింగ్ వల్ల లాభం ఉంటుంది. సగంలోనే ఆగిపోతే ఇంకో నాలుగు నెలలు ఎడిటోరియళ్లే చదివించండి, ఆ లక్ష బ్యాంకులోనే ఉండనివ్వండి.